పుస్తకమునకు దండోరా

పన్ను కట్టవలసిన గడువును, కాలువకు నీరు విడుచు దినమును, తప్పిపోయిన పశువు సంగతిని పూర్వము మన గ్రామములలో దండోరా వేసి చాటెడివారు. దండోరా వేయువాడు నాలుగు వీధుల కూడలిలో నిలిచి, తప్పెట రెండుమార్లు మ్రోగించి, చెప్పవలసినది నాలుగు మాటలలో చెప్పి, ముందు వీధికి సాగిపోయెడివాడు. విన్నవారికి ఏమి, ఎప్పుడు, ఎక్కడ అను మూడు సంగతులును తెలిసిపోయెడివి. అతడు నీటిని వర్ణించుచు పద్యములు చదువలేదు. నీరు వచ్చు దినమును చెప్పెను. రైతు పార చేతబట్టి బయలుదేరెను.

శ్రోతలారా! నేటి ప్రసంగమున నేను విన్నవింపదలచినది పుస్తకములకు దండోరా వేయుటను గూర్చి. ఈ కాలమున నాలుగు వీధుల కూడలి మన చేతిలోని ఫోనులో ఉన్నది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మొదలగువానిని సామాజిక మాధ్యమములని వ్యవహరించుచున్నాము. వానిలో మనము పెట్టు చిన్న వ్రాతను, చిత్రమును అందఱును పోస్టు అనియే పిలుచుచున్నారు గావున నేనును ఆ మాటనే వాడెదను. చదివిన పుస్తకమును గూర్చి ఒక పోస్టు పెట్టునపుడు దానిని చూచినవాడు ఆ పుస్తకమును వెదకికొని పోవునట్లు వ్రాయుట ఎట్లు? ఇదియే నేటి ప్రశ్న.

ఇది వినోదమునకు సంబంధించిన చిన్న ప్రశ్నవలె కన్పట్టవచ్చును. కాని దీని వెనుక పెద్ద చరిత్ర కలదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ మేర్పడెను. ఆ ఉద్యమమునకు చెందినవారు పుస్తకములను బీరువాలలో సర్ది తాళము వేసి కూర్చుండలేదు. గ్రంథాలయ యాత్రలు సాగించిరి. ఊరూర సభలు చేసిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువలో గ్రంథాలయ నౌకను నడిపించిరి. పడవ రేవునకు వచ్చుటయే ఆ పుస్తకములకు ప్రకటన. పాఠకుడు గ్రంథాలయమునకు రాలేనిచో గ్రంథాలయమే పాఠకుడున్న చోటికి పోవలెనని ఆ పెద్దలు తలచిరి. నేటి పాఠకుడు దినమున అనేక పర్యాయములు తన ఫోనును చూచుచున్నాడు. కావున పుస్తకమును అచ్చటికి కొనిపోవుట ఆ పడవ నడిచిన కాలువలోనే మఱికొంత దూరము పోవుటయని నా యభిప్రాయము.

ఇందు మనకు గల లాభనష్టములును ఆలోచింపవలసినవే. 1960 నాటి పౌర గ్రంథాలయ చట్టమును బట్టి మన ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్నును కట్టుచున్నాము. అనగా శాఖా గ్రంథాలయపు బీరువాలో నున్న పుస్తకములు మన సొమ్ముతో కొన్నవి. ఇంటి గాదెలో ధాన్యముండగా దాని సంగతి తెలియక పస్తు పడుకొనువానిని మనమేమందుము? తన ఊరి గ్రంథాలయములో ఏమున్నదో ఎఱుగని పాఠకుని స్థితియు అట్టిదే. ఇక నేడు వ్రాయుచున్న రచయితల సంగతి. తెలుగున ఒక గ్రంథమును వేయి ప్రతులు వేయుటయే సాహసముగా నున్నది. ఆ వేయి ప్రతులును పాఠకులకు చేరక కట్టలు కట్టి అటకపై పడియున్నచో, ఆ రచయిత రెండవ గ్రంథము వ్రాయునా? పుస్తకము చెడ్డదై చదువబడకపోవుట వేఱు. ఉన్నట్లు తెలియక చదువబడకపోవుట వేఱు. రెండవ దోషమును మాన్పుట మనబోటి సామాన్య పాఠకుల చేతిలోని పని.

ఐతే సామాజిక మాధ్యమములలో పుస్తకములపై పోస్టులు లేవా? కావలసినన్ని కలవు. వానిలో అధిక భాగము రెండు తెగలు. మొదటి తెగలో పుస్తకపు అట్ట, దాని ప్రక్కన కాఫీ కప్పు, ఒక పువ్వు ఉండును. చిత్రము ముచ్చటగా నుండును. పుస్తకములో ఏమున్నదో మాత్రము దైవమునకే తెలియును. రెండవ తెగలో అద్భుతము, అమోఘము, ప్రతి ఒక్కరును చదివి తీరవలసినది అను మాటలుండును. ఈ మాటలను ఏ పుస్తకమునకైనను అతికింపవచ్చును. అన్ని తాళములకు పట్టు చెవి దొంగవాని చేతిలో నుండును గాని ఇంటి యజమాని చేతిలో నుండదు. ఆ పుస్తకమునకే చెల్లి వేఱొక దానికి చెల్లని మాట దొరకునంతవఱకు వెదకుట పోస్టు వ్రాయువాని మొదటి పని.

అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని మన పెద్దలందురు. మంచి పోస్టు అట్టి మెతుకు. కథ యంతయు చెప్పనక్కఱలేదు. ఆ పుస్తకములోని ఒక వృత్తాంతమో, ఒక ప్రశ్నయో, ఒక ఊరి పేరో, ఒక వంటకమో, ఒక విచిత్రమైన మాటయో తీసి పాఠకుని అఱచేతిలో పెట్టవలెను. మెతుకు రుచించినచో అతడే కుండ కొఱకు వచ్చును.

ఇతర దేశములలో దీనిని చక్కగా సాధించినవారు కొందఱు కలరు. ఫ్రాన్సు దేశమున బోర్డో నగరమందు 1896 నుండి మొల్లా అను పుస్తకశాల యున్నది. అచ్చటివారు అట్టపై మనుష్యుని ముఖము గల పుస్తకమును ఒకరి ముఖమునకు అడ్డముగా పట్టి, అట్టపై ముఖమును, వెనుకనున్న మనుష్యుని భుజములును, జుట్టును, దుస్తులును ఒక్కటిగా కలిసిపోవునట్లు ఫోటో తీసి ఇన్‌స్టాగ్రామున పెట్టుచుందురు. చూచువాడు మొదట నిజమైన మనుష్యుడనియే భ్రమపడును, పిమ్మట నవ్వును, ఆపై పుస్తకము పేరు చదువును. దీనికి కావలసినది ఒక ఫోను, కొంచెము ఓపిక. మన గ్రంథాలయములందు సెలవు దినమున పిల్లలను కూర్చి ఈ ఆట ఆడించినచో వారు అట్టల కొఱకు బీరువాలన్నియు గాలింతురు. గాలించువాని చేతికి ఏదో యొక పుస్తకము తగులకపోదు.

స్కాట్లండునకు ఉత్తరమున ఆర్క్నీ అను ద్వీపసముదాయము కలదు. అచ్చటి గ్రంథాలయము 1683లో మొదలైనది. జనసంఖ్య స్వల్పమైన ఆ ద్వీపముల గ్రంథాలయము, ట్విట్టరున తాను వ్రాసిన హాస్యపు మాటలచేత లోకమునందు పేరు పొందెను. పొరుగున నున్న షెట్లండు ద్వీపముల గ్రంథాలయముతో అది ఆడిన మాటల పోటీ చదువరులకు వినోదమైనది. ఇందు మనము గ్రహింపవలసినది ధ్వనిని. సర్కారు నోటీసు ధ్వనిలో గాక, అరుగుపై కూర్చున్న పొరుగువాని ధ్వనిలో గ్రంథాలయము మాట్లాడినది. మన శాఖా గ్రంథాలయములలోను హాస్యప్రియులైన పాలకులు లేకపోలేదు. వారికి మాట్లాడుటకు అనుమతియు, నాలుగు నిమిషముల తీరికయు కావలెను.

మఱియొక యుదాహరణము న్యూయార్కు పౌర గ్రంథాలయము. వారు 2018 ఆగస్టులో లూయీ కారల్ రచించిన ఆలిస్ కథను ఇన్‌స్టాగ్రామున పుట పుటగా చదువుకొనునట్లు అమర్చిరి. ఆ మాధ్యమములో చిత్రములు తమంతట తామే ముందునకు జరిగిపోవుచుండును. వ్రేలు అదిమిపట్టినచో నిలుచును. కావున వారు పుటపై బొటనవ్రేలు ఉంచవలసిన చోటును గుర్తించి చూపిరి. వ్రేలు అదిమినంతసేపు పుట నిలుచును, తీసినచో తిరుగును. ఫోను స్వభావమును నిందించుచు కూర్చుండక, ఆ స్వభావమునే పుట త్రిప్పుటకు వినియోగించుకొనుట ఇందలి నేర్పు.

అన్నిటికంటె నా మనస్సున నాటినది తేదీలను ఆశ్రయించిన ఉపాయము. ఆంగ్లేయుడైన సామ్యూల్ పీప్స్ 1660 జనవరి 1 నుండి 1669 మే 31 వఱకు దినచర్య వ్రాసెను. ఫిల్ గైఫర్డ్ అను ఆయన 2003 జనవరి 1 మొదలుకొని ఆ దినచర్యలోని ఏ తేదీ వ్రాతను ఆ తేదీననే ఇంటర్నెట్టున ప్రకటించుచు 2012 మే 31న ముగించెను. పెద్ద గ్రంథము దినమున కొక ముద్దగా జనులకు అందినది. బ్రామ్ స్టోకర్ 1897లో ప్రకటించిన డ్రాకులా నవల తేదీలు వేసిన లేఖలతోను దినచర్యలతోను నడచును. మాట్ కిర్క్లండ్ అను ఆయన 2021లో దానిని ఏ తేదీ భాగము ఆ తేదీన ఉత్తరమువలె పంపు ఏర్పాటు చేసెను. 2022 నాటికి వేలకొలది జనులు ఆ నవలను ఒకే సమయమున చదువుచు, నేడేమి జరిగినదని సామాజిక మాధ్యమములలో చర్చించుకొనిరి. శతాబ్దము దాటిన పుస్తకము ఆ ఉదయమే వచ్చిన వార్తవలె నైనది.

ఈ ఉపాయమునకు సరిపోవు గ్రంథము మనకు లేదా? ఉన్నది. చెన్నపట్టణపు సుప్రీము కోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చిరి. పదిహేను నెలలకు పైబడిన ఆ ప్రయాణమున తాము చూచిన ఊళ్లను, త్రోవలను, మజిలీలను తేదీలతో వ్రాసియుంచిరి. ఏ ఊర అంగళ్లున్నవో, ఏ ఊర నీరు మంచిదో, ఏ త్రోవ నడచుటకు అనువైనదో కూడ తెలిపిరి. ఆయన మిత్రులు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారు దానిని 1838లో అచ్చు వేయించిరి. రైలు బండి మన దేశమునకు రాకమునుపటి త్రోవ అది. కడప, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశికి పోయి, కలకత్తా, జగన్నాథముల మీదుగా తిరిగి వచ్చిన త్రోవ. మే 18 నాడు ఆరంభించి, వీరాస్వామయ్యగారు నేడు ఫలాని ఊర దిగిరి, అచ్చట వారు చూచినది ఇది అని ఒక చిన్న పోస్టును, ప్రక్కన ఆ ఊరి నేటి ఫోటోను పెట్టినచో ఎట్లుండును? ఆ ఊరివారు తమ ఊరి పేరు చూచి ఊరకుందురా? మా ఊరి ఆ బావి ఇప్పటికిని ఉన్నదని ఒకరు, పూడిపోయినదని యొకరు వ్రాయుదురు. ఒక్క గ్రంథము తెలుగుదేశమంతట నడచుచు ఊరూర తన పాఠకులను లేపుకొని పోవును.

తేదీలు లేని పుస్తకమునకు దారులు దొరకును. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టరు పార్వతీశము మొగల్తూరు విడిచి చెన్నపట్టణము, కొలంబోల మీదుగా సీమకు పోయిన దారిని ఒక పటముగా గీయుడు. ప్రతి మజిలీకడను అతడు పడిన తిప్పలలో ఒకదానిని మీ మాటలలో ఒక్క వాక్యముగా వ్రాయుడు. పటమును చూచినవాడు నవ్వును. ఆ తిప్పలెట్లు తీరెనో తెలిసికొనుటకు పుస్తకమడుగును. నిఘంటువు వంటి గ్రంథమునకు మఱియొక దారి. బ్రౌను దొర తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడినది. దానినుండి దినమునకొక మాటను తీసి, ఈ మాట మీ యింట ఇంకను వాడుచున్నారా యని అడుగుడు. శ్రీకాకుళమువారు ఒక అర్థము, అనంతపురమువారు ఒక అర్థము, ఆదిలాబాదువారు మఱియొక అర్థము చెప్పుదురు. అమెరికాలో పెరుగుచున్న మనుమడు తన అమ్మమ్మను ఫోనులో పిలిచి అడుగును. నిఘంటువును ఎవరు చదువుదురని మనము అనుకొందుము. అడిగిన తీరును బట్టి అందఱును చదువుదురు.

పాఠకుని చేత పని చేయించుట కొత్త పాశ్చాత్య విద్యయని తలపకుడు. 1947లో పుట్టిన చందమామ పత్రిక ఇప్పుడు వెలువడుట లేదు గాని, అందులో రెండు ఫోటోలను వేసి, ఆ రెంటికిని పొందికగా నుండు వ్యాఖ్యలను పంపుడని పోటీ పెట్టెడివారని మీలో పెక్కుమందికి జ్ఞాపకముండును. ఒక్క కార్డు ముక్కపై నాలుగైదు మాటలు వ్రాసి పంపి, నెలల తరబడి ఎదురుచూచిన పిల్లలు ఎందఱో. ఆ పోటీకిని నేటి మంచి పోస్టునకును సూత్రమొక్కటే: పాఠకుని మాటకు చోటు విడిచి పెట్టుట. మన పోస్టు చివర పూర్ణవిరామముతో తలుపు మూయక, సమాధానము చెప్పదగిన ప్రశ్న యొకటి విడువవలెను. పుస్తకము నచ్చినదా యని అడిగినచో నచ్చినదని ఒక్క మాట వచ్చును. గిరీశము నేడు మన ఊరికి వచ్చినచో ఏ ఉద్యోగము చేయుచుండునని అడుగుడు. కన్యాశుల్కము చదివినవారు తగవులాడుదురు, చదువనివారు ఈ గిరీశమెవరని విచారింతురు. ఆ రెండవవారి కొఱకే మనము అడిగినది.

ఇక కొన్ని జాగ్రత్తలు మనవి చేసెదను. మొదటిది, అక్షరములను అక్షరములుగానే వ్రాయుట. పెక్కుమంది తెలుగు మాటలను చిత్రముగా చేసి పెట్టుచున్నారు. అట్టిదానిని వెదకినచో దొరకుట కష్టము. చూపులేనివారికి ఫోను చదివి వినిపించుటయు కష్టము. 1991 నాటి మొదటి యూనికోడు పట్టికలోనే తెలుగు లిపికి చోటు దొరకినది. ఆ సౌకర్యమును వాడుకొని గ్రంథము పేరు, రచయిత పేరు తెలుగున టైపు చేసినచో, పదేండ్ల తరువాత వెదకువానికి సైతము మన వ్రాత దొరకవచ్చును. చిత్రము పెట్టినపుడు ఆ చిత్రములో ఏమున్నదో ఒక్క వాక్యమున వ్రాయుటకు చాల మాధ్యమములలో చోటున్నది. దానిని ఖాళీగా విడువకుడు.

రెండవది, న్యాయము. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టము ననుసరించి రచయిత జీవించియున్నంతవఱకును, మరణించిన పిమ్మట అఱువది సంవత్సరములును గ్రంథముపై హక్కు నిలుచును. 1915లో గతించిన గురజాడవారి మూల రచనలను ఎవరైనను ప్రకటింపవచ్చును. 1983లో గతించిన శ్రీశ్రీగారి రచనలకు 2043 చివరి వఱకు రక్షణ కలదు. సమీక్షకును విమర్శకును న్యాయమైన మేరకు కొన్ని పంక్తులు ఉదాహరించుటకు చట్టము ఒప్పుకొనును. పుటల మీద పుటలు ఫోటో తీసి పంచుటకు ఒప్పుకొనదు. పుస్తకమును ప్రేమించుచున్నామని చెప్పుచు, దాని ప్రతిని ఫోనులలో ఊరక పంచిపెట్టుట, చెట్టును ముద్దాడి వేరు నరుకుట వంటిది. వేయి ప్రతులు వేసిన రచయితకు ఆ దెబ్బ ఎంతటిదో ఊహింపుడు.

మూడవది, సత్యము. ప్రసిద్ధుల ఫోటో ప్రక్కన వారెన్నడును అనని మాటలు వ్రాసి త్రిప్పుట నేడు విశేషముగా నున్నది. పుస్తకము తెఱచి, పుట చూచి, మాటను సరిచూచుకొనిన పిమ్మటనే పెట్టవలెను. పుట సంఖ్యను కూడ వ్రాసినచో మఱింత మేలు. అట్లే ప్రచురణకర్త పుస్తకమును ఉచితముగా పంపియుండినను, సొమ్మిచ్చి వ్రాయించియుండినను ఆ సంగతిని తెలుపవలెను. ప్రకటనల ప్రమాణములను చూచు భారతీయ మండలి 2021లోనే ఇట్టి వెల్లడింపును నియమముగా చేసినది. నియమము లేకున్నను పాఠకునితో మనకు గల స్నేహము దానిని కోరును. నచ్చని పుస్తకమును నచ్చలేదని మర్యాదగా చెప్పగలవాని మెప్పునకే విలువ యుండును.

నాలుగవది, లెక్క. పోస్టు క్రింద వచ్చు మెచ్చుకోళ్ల సంఖ్యను చూచి మురియుట సులభము. వేయిమంది బొటనవ్రేలు చూపిపోయినను ఒక్కరును పుస్తకము తెఱువనిచో ఆ దండోరా తప్పెట మ్రోతగానే మిగులును. పదిమంది చూచి ఇద్దఱు గ్రంథాలయమునకు పోయినచో అది సఫలము. కనుక ప్రతి పోస్టు చివరను ఆ పుస్తకము ఎక్కడ దొరకునో తప్పక వ్రాయుడు. మన శాఖా గ్రంథాలయములో ఉన్నదా, ఏ ప్రచురణాలయమువారు వేసిరి, వెల యెంత, ఉచితముగా చదువదగిన పాత పుస్తకమైనచో ఎక్కడ చదువవచ్చును అను సంగతులు పొగడ్తకంటె నూఱింతలు మేలు చేయును. నీరు ఎప్పుడు, ఎక్కడ అని దండోరావాడు చెప్పిన తీరును మఱువరాదు.

ఫోను పుస్తకమునకు శత్రువు గదా, శత్రువు ఇంటనే పుస్తకమును కీర్తించుట ఎట్లు అని కొందఱు పెద్దలు అడుగుచున్నారు. ఆ సందేహమునకు కారణము లేకపోలేదు. ఫోను మన సమయమును తినివేయుచున్నదనుట నిజమే. ఐతే జాతరలో మిఠాయి దుకాణముల నడుమ పుస్తకముల దుకాణము పెట్టువాడు జాతరను మెచ్చి పెట్టడు. జనులు అచ్చట నున్నారని పెట్టును. మన పోస్టు చదువుటకు అర నిమిషము చాలవలెను. అది పాఠకుని ఫోనునుండి లేపి పుస్తకముకడకు పంపవలెను. తనకడనే కూర్చుండబెట్టుకొను పోస్టు ఎంత సొగసైనదైనను మన పని చేయలేదు.

చివరకు ఒక్క మనవి. ఈ వారమున మీరు చదివిన పుస్తకమునో, ఎన్నడో చదివి మఱువలేకున్న పుస్తకమునో ఒకదానిని చేతికి తీసికొనుడు. నాలుగు వాక్యములు వ్రాయుడు. మొదటి వాక్యమున ఆ పుస్తకములో తప్ప మఱెక్కడను దొరకని సంగతి యొకటి. రెండవదానిలో అది మిమ్ము ఏల పట్టుకొనినదో. మూడవదానిలో ఇతరులు బదులు చెప్పదగిన ప్రశ్న. నాలుగవదానిలో ఆ పుస్తకము దొరకు చోటు. విశేషణము లెన్ని పడినవో చూచి సగము కొట్టివేయుడు. పిమ్మట దానిని మీ బంధువుల వాట్సాపు గుంపులో, ఉదయపు శుభాకాంక్షల నడుమ విడువుడు. ఎవరో ఒక పినతల్లియో, మేనల్లుడో, ఆ పుస్తకము నాకొకసారి పంపెదవా యని అడుగుదురు. అప్పుడు పుస్తకమునకు అట్ట వేసి, వెనుకకు ఇచ్చు గడువు చెప్పి, పంపుడు.